కరగని శవం

"ఫాదర్, నాకు ఒక్క మాట చెప్పండి చాలు. ఆ శవాన్ని మీ కళ్ళతో మీరు చూశారా, లేదా?"

పాపా ఇసీదోరోస్ చర్చి దీపంలో వత్తి సరిచేస్తున్నాడు. సరిగ్గా ఉన్న వత్తినే మళ్ళీ మళ్ళీ సరిచేస్తున్నాడు.

"కరగలేదని ఊరందరికీ తెలుసు నాయనా."

"ఊరి సంగతి నేనడగలేదు."

ఇన్‌స్పెక్టర్ సరాంతిస్ వల్మాస్ నిన్నటి పడవలో పిరేయస్ రేవుపట్నం నుంచి వచ్చాడు. ఆ పడవ వెనక్కి వెళ్ళిందో లేదో గాలి లేచింది. ద్వీపానికి రాకపోకలు ఆగిపోయాయి, టెలిఫోన్ తీగ తెగింది. అతను వచ్చింది శవాల కోసం కాదు, బతికున్న మనిషి కోసం. మూడేళ్ళ క్రితం ఓడ పనికి వెళ్ళిన స్తమాతిస్ అనే కుర్రాడు ఇంతవరకూ ఇంటికి రాలేదని తల్లి రోడాంథి ఫిర్యాదు పెట్టుకుంది. పిరేయస్ నావికుల కార్యాలయంలో వల్మాస్ వాకబు చేశాడు. ఏ ఓడలోనూ ఆ పేరు గలవాడు ఎక్కలేదు. ఆ సంగతి తల్లికి చెప్పాలని వచ్చినవాడికి ఊళ్ళో వేరే గోల ఎదురైంది. రోడాంథి తమ్ముడు, బళ్ళో మతపాఠాలు చెప్పిన ఇగ్నాతిస్ సమాధిని మొన్న తెరిచారు. మూడేళ్ళు నిండాక ఎముకలు తీసి, వైన్‌తో కడిగి, పెట్టెలో సర్ది ఎముకల గదిలో పెట్టడం అక్కడి పద్ధతి. ఇగ్నాతిస్ దగ్గర అది కుదరలేదు. మట్టి అతన్ని కరిగించలేదు. కరగనివాడంటే శాపం తగిలినవాడు. వెంటనే మళ్ళీ కప్పేశారు. అప్పటినుంచి రోడాంథి గుమ్మం తొక్కినవాళ్ళు లేరు.

"నాకు కంటిపొర," అన్నాడు ఫాదర్ చివరికి. "గునపం మెత్తగా దిగింది. వాసనొచ్చింది. తవ్వేవాళ్ళు వెనక్కి దూకారు. సార్జెంట్ వంగి చూసి, 'కరగలేదు ఫాదర్, కప్పించండి' అన్నాడు. కప్పించాను."

"సార్జెంట్ కలూదిస్‌కి అక్కడేం పని?"

"అనుమతి కాగితం మీద సంతకం ఆయనదేగా."

"ఇన్నేళ్ళుగా ఎంతమంది ఎముకలు తీసుంటారు మీరు. వాటికి సార్జెంట్ ఎప్పుడైనా వచ్చాడా?"

వత్తి మీద ఫాదర్ చెయ్యి ఆగింది. "రాలేదు."

"ఇగ్నాతిస్ ఎందుకు కరగలేదంటారు?"

"ఆ క్రియాపదంతో ఆటలాడాడు గనక!" ఈ ప్రశ్నకు మాత్రం జవాబు సిద్ధంగా ఉంది. "లీయో, అంటే విప్పడం. సువార్తల్లో మాట. భూమ్మీద మీరు విప్పినది పరలోకంలోనూ విప్పినట్టేనని ప్రభువు శిష్యులకు మాటిచ్చాడు. పాపాల కట్లు విప్పే అధికారం ఆ మాటతోనే మాకొచ్చింది. మరి ఈ మాస్టారు ఏం రాశాడు? ముందు గాడిదను చూడండి అన్నాడు!"

"గాడిదనా?"

"కట్టేసిన గాడిదపిల్లను విప్పి తోలుకురమ్మన్న చోట కూడా అదే మాటట. చెప్పుల వారు విప్పడానికీ అదేనట. లాజరు సమాధిలోంచి గుడ్డలు చుట్టుకుని బయటికొస్తే ప్రభువు ఎవరితో విప్పమన్నాడు? చుట్టూ నిలబడ్డవాళ్ళతో. 'అక్కడ బిషప్పు లేడు, ఇరుగుపొరుగు ఉన్నారు, విప్పడం వాళ్ళ పని' అని రాశాడు. రాసి ఊరుకున్నాడా? అచ్చేయించాడు!"

"అది తప్పా?"

"తప్పో ఒప్పో నాకేం తెలుసు నాయనా. నా చదువు ప్రార్థనల వరకే." ఫాదర్ గొంతు తగ్గించాడు. "కానీ అవేం రోజులో నీకు తెలియదా? సైనికుల ప్రభుత్వం. ఎవరో పైకి రాశారు. మాస్టార్ని స్టేషన్‌కి పిలిపించారు. రెండు రాత్రులుంచి పంపారు. వారం తిరక్కుండా పోయాడు. గుండె ఆగిందన్నారు."

"అప్పుడు స్టేషన్‌లో ఎవరున్నారు?"

"ఇప్పుడున్నాయనే. ప్రభుత్వం మారింది గానీ ఆయన మారలేదు."

వల్మాస్ టోపీ తీసుకున్నాడు. "మీరూ రండి ఫాదర్, ధూపం పట్టుకుని. ఇంకాసేపట్లో మీతో పని పడుతుంది."

*

రోడాంథి వంటింట్లో పెద్ద గిన్నె నిండా ఉడికించిన గోధుమలున్నాయి. చనిపోయినవాళ్ళ పేరిట పంచడానికి చేసినవి. పైన చక్కెర పొర, దాని మీద దానిమ్మ గింజలతో సిలువ. ఎవరూ చెంచా పెట్టలేదు. చక్కెర చెమ్మగిల్లి జారిపోతోంది.

"తిను బాబూ. ఊళ్ళో ఎవరూ ముట్టుకోరు. కోళ్ళకి వేస్తే అవి కూడా నా మొహం చూస్తున్నాయి." నవ్వింది. నవ్వితే ఎడమవైపు కోరపన్ను పక్కపన్ను మీదికి ఎక్కి కనిపిస్తుంది. "నా కొడుకు ఏ ఓడలో ఉన్నాడు? దక్షిణ అమెరికా వైపు వెళ్ళేవాటిలోనా? అక్కడికి వెళ్తే కబురు రావడం కష్టమంటారు."

వల్మాస్ ఒక చెంచా నోట్లో పెట్టుకున్నాడు. పులిసింది. మింగాడు.

"వెళ్ళిన రోజేం జరిగిందో చెప్పండమ్మా."

"మా తమ్ముడి తొమ్మిదోనాటి ప్రార్థన అయింది. సాయంత్రం వీడు చొక్కా మార్చుకుని, 'అమ్మా, స్టేషన్‌కి వెళ్ళి ఒక మాట అడిగొస్తా' అన్నాడు. మామయ్య వీపు మీద వాతలు వీడే చూశాడు, స్నానం చేయించింది వీడే. వద్దురా అన్నాను. వింటాడా? రాత్రంతా రాలేదు. తెల్లారాక సార్జెంటే వచ్చి చెప్పాడు. మీవాడు తెల్లవారుజాము పడవెక్కాడు, రేవులో నేనే చూశాను, ఓడలో పని దొరికిందట, అమ్మకి చెప్పమన్నాడు అని."

"ఇంకెవరైనా చూశారా?"

"సార్జెంట్ చూశాక ఇంకొకరు చూడాలా?"

"బట్టలు, సంచీ?"

"ఏదీ పట్టుకెళ్ళలేదు. కోపంలో ఉన్నాడు కదా, కుర్రతనం." ఆమె గరిటె తీసి గోధుమల్ని అనవసరంగా కలిపింది. సిలువ చెదిరిపోయింది. "నాకు మిగిలింది ఇక వాడొక్కడే బాబూ. వాడు బతికున్నాడని ఒక్క మాట తెస్తే చాలు. రాకపోయినా పరవాలేదు. బతికుంటే చాలు."

వల్మాస్ చెంచా బల్ల మీద పెట్టాడు. వేరే ప్రశ్న వేశాడు.

"మీ తమ్ముడికి చేతులూ కాళ్ళూ కట్టారు కదా, పడుకోబెట్టినప్పుడు?"

"కట్టరూ? కట్టకపోతే శవం సరిగ్గా ఉండదు. మూత వేసేముందు విప్పేయాలి. విప్పకపోతే మట్టి కరిగించదు, ఆత్మ కదలదు." ఆమె చేతులు చాచింది. "ఈ చేతులతోనే విప్పాను. చేతులవీ కాళ్ళవీ. చర్చి నిండా జనం చూశారు. అయినా కరగలేదన్నారంటే నా తమ్ముడు చేసిన పాపమేంటి? ఒక మాటకి అర్థాలు రాశాడు. అంతేగా? రాసిందంతా ఈ బల్ల దగ్గర కూర్చుని నాకు చదివి వినిపించేవాడు. చిక్కుళ్ళు వలుస్తూ వినేదాన్ని."

"ఎముకలు తీయొద్దని ఎవరైనా చెప్పారా మీకు?"

"వద్దనలేదు. సార్జెంట్ మంచిగానే చెప్పాడు. ఇంకో రెండేళ్ళు ఉండనివ్వమ్మా, సమాధి రుసుము సంగతి నేను చూసుకుంటానన్నాడు. మూడేళ్ళు నిండాక మనిషిని వెలుగులోకి తీయకపోతే నేనేం అక్కని? నేనొప్పుకోలేదు."

వల్మాస్ లేచాడు. "అమ్మా, మళ్ళీ తవ్విద్దాం."

"రెండోసారి తలదించుకోమంటావా?"

"మొదటిసారి ఎవరూ సరిగ్గా చూడలేదు."

ఆమె గోధుమల గిన్నె మీద మూత పెట్టింది. తర్వాత ఏప్రన్ విప్పేసి, అలమరలోంచి వైన్ సీసా, తెల్లటి తువ్వాలు తీసింది. ఎముకలు కడగడానికి మొన్న తీసుకెళ్ళి వెనక్కి తెచ్చినవే.

*

శ్మశానం గేటుకి అడ్డంగా సార్జెంట్ కలూదిస్ నిలబడి గుమ్మడిగింజలు కొరుకుతున్నాడు. పొట్టి మనిషి, ఇస్త్రీ నలగని యూనిఫాం. అతని వెనక, వల్మాస్ కబురు మీద వచ్చిన ఇద్దరు తవ్వేవాళ్ళు పారలు నేలకానించి ఎటు చూడాలో తెలియక నిలబడ్డారు.

"పిరేయస్‌లో దొంగలు అయిపోయారా ఇన్‌స్పెక్టర్‌గారూ? మా శవాల మీద పడ్డారు?"

"అక్కడివాళ్ళని ద్వీపాలకు బదిలీ చేశారని విన్నాను."

కలూదిస్ నవ్వి తొక్క ఊశాడు. "సమాధి తెరవాలంటే ప్రాసిక్యూటర్ కాగితం కావాలి. ఉందా?"

"మీ కాగితమే ఉంది." ఫాదర్ దగ్గర తీసుకున్న కాగితం మడత విప్పాడు వల్మాస్. "ఎముకలు తీయడానికి అనుమతి. ఈ వారమంతా చెల్లుతుంది. కింద మీ సంతకం. అందమైన సంతకం."

"అది ఒక్కసారికే."

"మొన్న ఎముకలు తీశారా?"

"కరగలేదు గనక..."

"తీయలేదు. అయితే ఆ ఒక్కసారి ఇంకా కాలేదు."

తవ్వేవాళ్ళలో ఒకడు దగ్గుతున్నట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. కలూదిస్ తల తిప్పి చూడగానే దగ్గు ఆగిపోయింది.

"ముసలామెనెందుకు ఏడిపిస్తారు?" ఈసారి గొంతు మెత్తబడింది. "రోడాంథమ్మా, నువ్వైనా చెప్పు. నేను నీకెప్పుడైనా చెడు చెప్పానా?"

"చెప్పలేదు సార్జెంట్‌గారూ," అందామె. "కానీ ఈయన మళ్ళీ చూద్దామంటున్నాడు. ఒకసారి చూడనివ్వండి."

"మాస్టార్ని స్టేషన్‌లో ఏమడిగారు?" అన్నాడు వల్మాస్ హఠాత్తుగా.

కలూదిస్ కనురెప్ప కూడా కదలలేదు. "ఆ మాటకి అర్థమేంటని అడిగాను. నాకేం తెలుసు, నేను చదివింది ఆరో తరగతి. ఈ ఆలయాన్ని పడగొట్టండి అని ప్రభువు అన్న చోట కూడా అదే క్రియ ఉందని రాశాడట. ఆలయమంటే ప్రభుత్వమా అని పైవాళ్ళకి అనుమానం వచ్చింది. అడగమన్నారు, అడిగాను."

"ఎలా అడిగారు?"

"పోలీసు అడిగినట్టు." ఇంకో గింజ కొరికాడు. "తిన్నగా చెప్పేవాడు కాదు. 'దేన్ని అన్నదాన్ని బట్టి ఉంటుంది సార్జెంట్. పశువునైతే విప్పడం, బాకీ ఉన్నవాడినైతే వదిలేయడం, పౌలు ఎక్కిన ఓడనైతే అలలు ముక్కలు చేయడం' అంటాడు. రెండు రాత్రులూ ఇదే పాఠం. నేను అతని విద్యార్థినా?"

"పక్కకి జరగండి."

కలూదిస్ జరిగాడు. అంత తేలిగ్గా జరగడం వల్మాస్‌కి నచ్చలేదు.

*

పార నాలుగు దెబ్బలు వేసిందో లేదో మెత్తగా తగిలింది. మోకాలి లోతు కూడా లేదు.

"ఆగండి," అన్నాడు వల్మాస్. "మూడేళ్ళ క్రితం ఈ గొయ్యి తవ్విందెవరు?"

"మేమేనండి."

"ఎంత లోతు?"

వాడు ఛాతీ మీద చెయ్యి పెట్టి చూపించాడు. చూపించాక గోతిలోకి చూశాడు. వాడి మొహం మారింది. "మొన్న కూడా ఇక్కడే తగిలిందండి. సార్జెంట్‌గారు ఆపమన్నారు, ఆపేశాం."

మట్టిని చేత్తో తుడిస్తే నైలాను పట్టా బయటపడింది. పడవల సరుకు మీద కప్పే రకం. వల్మాస్ చాకుతో నిలువునా చీల్చాడు. వాసనకి తవ్వేవాళ్ళు ఇద్దరూ వెనక్కి తగ్గారు. గేటు దగ్గర ధూపం పట్టుకుని నిలబడ్డ పాపా ఇసీదోరోస్ ప్రార్థన గొణగడం మొదలుపెట్టాడు.

లోపలి శరీరం సబ్బులా తెల్లబడి గట్టిపడింది.

"దీనికి శాపం అక్కర్లేదు ఫాదర్," అన్నాడు వల్మాస్. "గాలీ నీరూ చేరకుండా నైలాన్లో చుడితే పుణ్యాత్ముడైనా కరగడు. మీ మాస్టార్ని ఇలా చుట్టి పూడ్చారా?"

"లేదు! చెక్కపెట్టెలో పెట్టాం. కొత్త బట్టలు, కొత్త బూట్లు..."

వల్మాస్ పట్టాను ఇంకాస్త పక్కకి లాగాడు. పొట్ట మీద రెండు చేతులు. మణికట్లు ఒకదాని మీద ఒకటి, తాడుతో బిగించి ఉన్నాయి.

రోడాంథి ఒక్కసారి అరిచింది. "నేను విప్పాను! దేవుడి తోడు, నేను విప్పాను! చర్చిలో అందరూ చూశారు! ఫాదర్, మీరు చూశారు కదా, విప్పలేదా నేను?"

"విప్పారమ్మా," అన్నాడు వల్మాస్. "మీ తమ్ముడి చేతులు మీరే విప్పారు. అందుకే చెప్తున్నాను. ఈయన మీ తమ్ముడు కాడు."

గాలికి సైప్రస్ చెట్లు ఒకదానికొకటి రాసుకుంటున్నాయి.

"ఈ శవాన్ని పక్క సమాధి పలక మీదికి తీయండి. తాడు ముట్టుకోవద్దు. ఇంకా కిందికి తవ్వండి."

నడుము లోతు దాటాక చివికిన చెక్క తగిలింది. దాని కింద ఎముకలు. పాపా ఇసీదోరోస్ గోతి అంచున మోకాళ్ళ మీద వంగి, కళ్ళు చికిలించి, పుర్రెను మొహానికి ఆనేంత దగ్గరగా పెట్టుకుని చూశాడు.

"పసుపు," అన్నాడు. "మైనంలా ఉంది. మచ్చలేదు. కరిగాడు రోడాంథీ. మీ తమ్ముడు ఎప్పుడో కరిగాడు."

ఆమె పుర్రెను రెండు చేతులా అందుకుని నుదుటి మీద ముద్దు పెట్టుకుంది. మూడేళ్ళ మట్టి ఆమె పెదాలకు అంటింది. నవ్వుతోంది, ఏడుస్తోంది. ప్రహరీ మీంచి ఊరి వైపు తిరిగి గట్టిగా కేక వేసింది.

"విన్నారా? కరిగాడు! బంగారంలా కరిగాడు! రండి ఇప్పుడు, వచ్చి గోధుమలు తినండి!"

గాలి ఆ కేకను ఎంతవరకు మోసిందో తెలియదు. గేటు దగ్గరికి ఎవరూ రాలేదు.

ఆమె పుర్రెను తువ్వాల్లో జాగ్రత్తగా పెట్టి, మొహం తుడుచుకుని, పలక మీద పడుకున్న రెండో మనిషి వైపు తిరిగింది. గొంతులో ఇప్పుడు జాలి తప్ప మరేమీ లేదు.

"మరి ఈ పాపం ఎవరి బిడ్డో?"

వల్మాస్ అప్పటికే చూశాడు. శవం పెదాలు వెనక్కి ముడుచుకుపోయి పళ్ళు బయటపడ్డాయి. ఎడమవైపు కోరపన్ను పక్కపన్ను మీదికి ఎక్కి ఉంది.

పోలీసు ఉద్యోగంలో అతను ఎందరికో చావు కబురు చెప్పాడు. వాక్యాలు సిద్ధంగా ఉంటాయి. ఇప్పుడు మాత్రం అతని చూపు ఆమె నోటివైపు తిరిగింది.

"ఏంటి బాబూ?" అంది రోడాంథి. "నా నోటివంక అలా చూస్తావేం?"

అని, అతని చూపు పట్టుకుని ఆమె కూడా పలక వైపు చూసింది. తర్వాత రెండడుగులు వేసి పక్కన కూర్చుంది. కేక వేయలేదు. మట్టి అంటిన బొటనవేలితో ఆ పన్నును ఒకసారి తాకింది, పాలపళ్ళు వచ్చాయేమోనని పసివాడి నోట్లో వెతికినట్టు.

"ఓడ ఎక్కలేదా నువ్వు," అంది.

*

"ఎవరో దారిన పోయేవాడై ఉంటాడు," అన్నాడు కలూదిస్. "ముసలామె దుఃఖంలో ఏదో అనుకుంటోంది."

వల్మాస్ అతని వైపు చూడలేదు. మణికట్ల దగ్గర మోకరించి తాడును పరీక్షిస్తున్నాడు. అల్లిన తెల్లతాడు, మధ్యలో ఆకుపచ్చ పోగు. పోలీసులు ఈల కట్టుకునే రకం. ముడి మధ్యలో ముదురు ఉన్నిదారం ఒకటి ఇరుక్కుంది. ముడి బిగించినవాడి యూనిఫాం చేతి అంచు నుంచి ఊడి వచ్చింది.

"సార్జెంట్, మీ భుజం మీద ఈల తాడు కొత్తదిలా ఉందే?"

"ఇలాంటివి దేశంలో వేలున్నాయి."

"ఉన్నాయి. ఆ కుర్రాడు పడవెక్కడం చూసిన సార్జెంట్ ఒక్కడే ఉన్నాడు."

"పొరపడ్డానేమో. చీకటి. రేవులో కుర్రాళ్ళు చాలామంది ఉంటారు." కలూదిస్ ఇంకో గింజ తీసుకోబోయి, ఖాళీ అయిన సంచీని నలిపి జేబులో పెట్టుకున్నాడు. "తాడు నాది అంటారా? రుజువు చేయండి."

"చేస్తాను. ఆ దారం ముడిలో ఇరుక్కుని ఉన్నంతవరకు ఇది ఊరికే తాడు కాదు. మీ చేతులు ఇక్కడున్నాయనడానికి అదే సాక్ష్యం. పిరేయస్ నుంచి డాక్టర్ వచ్చి ఫొటో తీసి, ముడి కదలకుండా కోసి తీసుకెళ్తాడు." వల్మాస్ లేచాడు. "అప్పటిదాకా దీన్ని ఎవరూ ముట్టుకోకూడదు. ఫాదర్, మీరు విన్నారు. మీరిద్దరూ విన్నారు."

ఫాదర్ ధూపపు పాత్ర వైపు చూశాడు. తవ్వేవాళ్ళు పారల వైపు చూశారు. కోర్టులో ఈ ముగ్గురు ఏం చెప్తారో వల్మాస్‌కి అర్థమైంది. ఏమీ చెప్పరు.

"ఎప్పుడొస్తాడు డాక్టర్?" అంది రోడాంథి. తల ఎత్తలేదు.

"గాలి తగ్గగానే."

"అప్పటిదాకా వీడు?"

"ఇలాగే ఉండాలమ్మా."

"కట్టేసే?"

"కట్టేసే. ఉన్నది ఇదొక్కటే. ఈ ముడి విప్పితే ఆ మనిషి బతికిపోతాడు."

ఆమె అప్పుడు తల ఎత్తి సార్జెంట్‌ని చూసింది. 'ఆ మనిషి' ఎవరని ఆమె అడగలేదు. తన గుమ్మంలో నిలబడి 'అమ్మకి చెప్పమన్నాడు' అన్న మనిషిని చూస్తోంది.

"బాబూ, ఒకటి అడుగుతాను. మీ పిరేయస్ కోర్టులో ఒక పేదరాలి కొడుకు కోసం పోలీసును శిక్షించిన రోజు ఒకటుంటే చెప్పు. ఒక్కటి చెప్పు, నేను గాలి తగ్గేదాకా ఇక్కడే కూర్చుంటాను."

వల్మాస్ వెతికాడు. నిజంగానే వెతికాడు. ఇరవై ఏళ్ళ ఉద్యోగమంతా తిరగేశాడు.

అతని మౌనం విని ఆమె తలూపింది. చేతులు తువ్వాలుకు తుడుచుకుని ముడి మీద వేళ్ళు పెట్టింది.

వల్మాస్ ఆమె మణికట్టు పట్టుకున్నాడు. "వద్దమ్మా. నా మాట విను. నేను ప్రయత్నిస్తాను."

"ప్రయత్నించు. వీడిని విప్పాక ప్రయత్నించు." ఆమె లాక్కోలేదు. అతని కళ్ళలోకి చూసింది. "మూడేళ్ళు పక్క మార్చుకోలేదు నా బిడ్డ. కట్టినవాడికి తీరిక ఉంది. కోర్టుకి తీరిక ఉంది. మట్టి మాత్రం ఏం చేస్తుంది, కట్టేసి ఇస్తే? మా తమ్ముడు చదివి వినిపించేవాడు. అది విప్పడానికి పై నుంచి ఎవరూ రారక్కా, పక్కన నిలబడ్డవాళ్ళే విప్పాలి అనేవాడు. నేను పక్కనే ఉన్నాను. వదులు నాయనా."

వల్మాస్ వదిలేశాడు.

ముడి గట్టిగా పట్టుకుపోయింది. గోళ్ళతో రాలేదు. వంగి పళ్ళతో పట్టి లాగింది. వాసనకి తవ్వేవాళ్ళు మొహాలు తిప్పుకున్నారు. ఆమె తిప్పుకోలేదు. తాడు ఒక్కో మెలికా వదులైంది. ఇరుక్కున్న ఉన్నిదారం గాలికి లేచి, సమాధుల మధ్య ఎటో వెళ్ళిపోయింది. వల్మాస్ చెయ్యి చాచాడు. గుప్పెట్లో గాలే మిగిలింది.

ఆమె కొడుకు చేతుల్ని ఒకదాని నుంచి ఒకటి విడదీసి పక్కల ఆనించింది. తాడు పట్టుకుని లేచింది. శవం కట్లు మంత్రగాళ్ళ చేతికి చిక్కితే వాటితో కొత్త పెళ్ళికొడుకుల మగతనాన్ని కట్టేస్తారని అక్కడివాళ్ళ భయం. అందుకే కాల్చేస్తారు. ఆమె ధూపపు పాత్ర కోసం చూసింది.

దాని మూత తీసి పట్టుకున్నది సార్జెంట్ కలూదిస్.

ఆమె ఒక క్షణం ఆగింది. నిప్పులు ఎర్రగా ఉన్నాయి. తాడును అందులో వేసింది. కొవ్వు పట్టిన తాడు చిటపటలాడి, పసుపు మంట లేచి, పొగ అయింది. పాపా ఇసీదోరోస్ విమోచన ప్రార్థన ఎత్తుకున్నాడు. విప్పబడుగాక, క్షమించబడుగాక. ఎవరి కోసం చదువుతున్నాడో అతనికే తెలియాలి.

"మంచి పని చేశావమ్మా," అన్నాడు కలూదిస్ టోపీ తీసి. తర్వాత వల్మాస్ పక్కకి వచ్చి, మర్యాదగా, ఇద్దరికే వినపడేలా అన్నాడు. "మీ కాగితం తప్పిపోయిన మనిషి కోసం కదా ఇన్‌స్పెక్టర్‌గారూ. దొరికాడు. కేసు అయిపోయింది. ఎవరో రౌడీల పని అని రాసుకోండి, నేను కూడా అదే రాస్తాను. పడవ వచ్చేదాకా మీ బస స్టేషన్‌లోనే. మీరు దిగిన కాఫీ హోటల్ గదికి కప్పు లేచిపోయిందట, మీ సామాను తెప్పిస్తున్నాను."

వల్మాస్ ప్రహరీ మీంచి చూశాడు. కింద రోడ్డు మీద ఒక కానిస్టేబుల్ గాలికి ఎదురు వంగి అతని గోధుమరంగు పెట్టె మోసుకుంటూ స్టేషన్ వైపు నడుస్తున్నాడు. ప్రార్థన చేసే చోటికి ఆయుధంతో రాకూడదని వల్మాస్ ఉదయం తన రివాల్వర్‌ని ఆ పెట్టెలోనే పెట్టి తాళం వేశాడు. కాఫీ హోటల్ కప్పు ఇక్కడికి కనిపిస్తోంది. ఒక్క పెంకు కూడా కదల్లేదు.

కలూదిస్ గేటు దగ్గరికి వెళ్ళి, గోడకి ఆనుకుని, ఎదురు చూడటానికి నిలబడ్డాడు.

గోతి పక్కన రోడాంథి తమ్ముడి ఎముకల్ని తువ్వాలు మీద పేరుస్తోంది. కరగని కొడుకును మళ్ళీ మట్టిలో పెట్టాలి. ఈసారి నైలాను లేకుండా, కట్లు లేకుండా. మళ్ళీ మూడేళ్ళు. ఆమె వైన్ సీసాను వల్మాస్ చేతికిచ్చింది.

"ఎముకల మీద పొయ్యి బాబూ. నెమ్మదిగా. చెయ్యి వణికితే ఒలికిపోతుంది."

వల్మాస్ గేటుకి వీపు పెట్టి కూర్చుని పోశాడు.